సున్నాకి సున్నుండ

ఆటో మీద మైకు కట్టి ఊరంతా తిప్పిన ప్రకటన ఇది: "ఆదివారం సాయంత్రం మన స్టేడియంలో హోమ్ రన్లు! కాకినాడ ప్రజలారా, తరలి రండి!"

జగన్నాథపురం వంతెన మీద ఆ ఆటోకీ ఒక లారీకీ మధ్య హారన్లతో వాదప్రతివాదాలు జరుగుతున్న సమయంలో ఇది సోమయాజులు గారి చెవిన పడింది. హారన్లు మింగినంత మింగగా ఆయన వాటాకి మిగిలింది "స్టేడియంలో హోమం... తరలి రండి" అన్న ముక్క. ఆయన తరలి వచ్చారు. ఒక్కరే రాలేదు. తమ వీధి మొత్తాన్నీ తరలించుకొచ్చారు. ఆదివారం ఎండ తగ్గేసరికి స్టేడియం గేటు ముందు సమిధల కట్టలు, ఎండుకొబ్బరి, డబ్బాల కొద్దీ ఆవునెయ్యి.

"హోమగుండం ఎక్కడయ్యా?" అన్నారు నన్ను చూసి.

ఆ వేళ మైకులో వ్యాఖ్యానం నాది. వైర్లు మోసుకుంటూ లోపలికి పోతున్నాను. "గుండం ఏంటండీ సోమయాజులు గారూ? ఇవాళ ఇక్కడ గుండాలు కాదు, గుండెలు. వాటిని కొలుస్తారు."

"గుండెల్ని దేంతో కొలుస్తారోయ్? తవ్వతోనా, సోలతోనా?"

నేను జవాబు చెప్పేలోపు గేట్లు తెరిచారు. వెనకనున్న జనం ఆయన్ని ఎత్తి లోపల పెట్టినంత పని చేశారు. లోపల ఒక అమ్మాయి ఆయన కుడిచేతికి పల్చటి పట్టీ కట్టింది. "రక్షాకంకణమా తల్లీ?" అని ఆయన కళ్ళు మూసుకుని ఏదో చదువుకున్నారు. ఆ అమ్మాయి ఔననలేదు, కాదనలేదు. వెనక వరస అంత పొడుగుంది. నేతి డబ్బాల్ని క్యాంటీన్ నూకరత్నం చూసి, "ఎండలో ఎందుకండి బాబుగారూ, నా కాడ నీడుంది" అని తన కొట్లో పెట్టించింది. సోమయాజులు గారు తూర్పు గ్యాలరీలో కూర్చుని, ముందు జరుగుతున్నదంతా హోమానికి ముందు తంతు అనుకుంటూ ఓపిగ్గా ఎదురుచూడసాగారు.

ఆయన్ని అలా ఎదురుచూడనిచ్చి అసలు సంగతికి వస్తాను.

దేశంలో బేస్‌బాల్ మహాలీగ్ ఉంది. పెద్ద పెద్ద నగరాలకి తలా ఒక జట్టు. ఒక్క జట్టుకి చోటు ఖాళీ అయ్యింది. ఆ చోటు మా కాకినాడకి కావాలి. మా వాళ్ళు మొదట్లో ఆ ఆటని బేసిబాల్ అనేవారు. సరిగా అర్థం కానిది బేసి కాక సరి ఎలా అవుతుందని వాళ్ళ వాదన. తర్వాత అర్థమైంది, అయ్యాక వదల్లేదు. దుమ్ములపేట కుర్రాళ్ళు వల విసిరే చేతులతో బంతి విసరడం మొదలుపెట్టారు. "కాకినాడ కెరటాలు" అని పేరు కూడా పెట్టుకున్నారు.

లీగు వారి అనుమానం ఒకటే. కాకినాడ పెరుగుతున్న ఊరే కావచ్చు, కానీ పెరిగిన ఊరు కాదు. ఇలాంటి మధ్యస్థం ఊరు ఒక పెద్ద జట్టుని మోయగలదా? ఇదివరకు ఇలాగే పెరుగుతున్న మరో ఊరికి జట్టునిచ్చి చేతులు కాల్చుకున్నారు. మొదటి ఏడు తొక్కిసలాట. జట్టు ఓడటం మొదలయ్యాక గ్యాలరీల్లో మేకలు మేశాయి. అందుకని ఈసారి లీగు తరఫున వచ్చిన తబస్సుమ్ గారు కచ్చితంగా చెప్పేసింది: "గెలిచే టీముని ఎవరన్న మోస్తరు. ఓడే టీముని మోసే ఊరు చూపించుండ్రి." తబస్సుమ్ అంటే చిరునవ్వు అని అర్థమట. ఆవిడ దగ్గర అది పేరులోనే తప్ప ముఖంలో లేదు.

ఓడిపోతున్నప్పుడు ఊరి మనసు ఎక్కడుందో కొలవాలి. ఆ కొలత కనిపెట్టింది మా ఊరి డాక్టర్ మేడిశెట్టి హైమావతి.

చేపలకి ఐసు తయారుచేసే ఫ్యాక్టరీ మేడ మీద రెండు గదులు ఆవిడ ప్రయోగశాల. మనిషి గుండె ఎగరడానికి సవాలక్ష కారణాలుంటాయి. కానీ వేల గుండెలు ఒకే క్షణంలో ఒకదాని వెంట ఒకటి ఎగిరితే, ఆ ఎగురులో ఒక వరస ఉంటుంది. తిరనాళ్ళలో ఉండే గుంపుకి ఆ వరస ఉండదు. తనవాళ్ళ కోసం నిలబడ్డ గుంపుకి ఉంటుంది. చేతి పట్టీలతో ఆ వరసని పట్టే యంత్రం చేసింది హైమావతి. పేరు తోడుమాపకం. మా ఊరు దాన్ని వెంటనే తోడుపాకం చేసింది. తీగపాకం, ఉండపాకం తెలిసిన ఊరు మరి.

మొదటి పరీక్ష సముద్రం ఒడ్డున వాలీబాల్ పోటీలో చేశారు. యంత్రం ముల్లు గిర్రున తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టాక తెలిసిందేమంటే, ఆ క్షణంలో ఎవరూ ఆట చూడటం లేదు. వేడివేడి మిరపకాయ బజ్జీల బండి వచ్చింది. వందమంది ఒక్కసారి కొరికారు. వందమందికి ఒక్కసారి మంట పుట్టింది.

"నా యంత్రం బజ్జీకి అభిమాన సంఘం పెట్టింది" అంది హైమావతి తల పట్టుకుని.

మార్గం కూడా ఆవిడే ఆలోచించింది. ఆ ఎండలోనే కూర్చుని, ఆ బజ్జీయే తిని, ఆ చెమటే పట్టించుకుని, ఆట సంగతి మాత్రం ఏమీ తెలియని మనిషి ఒకడు కావాలి. అతని గుండె ఎగిరినంతా ఎండదీ, బజ్జీదీ. దాన్ని ప్రతివాడి గుండెలోంచీ తీసేస్తే మిగిలేదే అభిమానం. త్రాసుకి ముల్లు సరిచూసినట్టు, ఊరికి ఒక సున్నా మనిషి.

"నేనున్నాగా" అన్నాడు ఆవిడ భర్త అబ్బులు.

ఆ మాట విని మేమంతా పకపకా నవ్వాం. అబ్బులు సున్నా ఏమిటి! వాణ్ణి ఈలల అబ్బులు అంటారు. పడవ పందేలయినా, కబడ్డీ అయినా, వీధి చివర పిల్లలు గోళీలాడుతున్నా సరే, రెండు వేళ్ళు నోట్లో పెట్టాడంటే హార్బరులో ఓడలు ఎవరో పిలిచారనుకుని తిరిగి చూసేవి. నేనూ వాడూ బడిలో ఒకే బెంచీ. వాడి ఈల పక్కన పెరగడం వల్లే నాకు ఇంత గట్టిగా మాట్లాడటం అలవాటైంది.

"ఏవండీ, సున్నా అంటే ఊరికే గదిలో కూర్చోవడం కాదు" అంది హైమావతి. "గుండెకి ఎగిరే అలవాటే పోవాలి. అలవాటున్న గుండె గోడ అవతల జనం కదిలినా పసిగడుతుంది. ఆటలుండవు. రేడియో ఉండదు. పందేలు, పోట్లాటలు, మీ స్నేహితులు..."

"వీడు కూడానా?" అని నన్ను చూపించాడు.

"ముందు ఆయనే."

"అయితే సగం లాభం ఇప్పుడే వచ్చింది" అన్నాడు. అదే వాడు వేసిన ఆఖరి జోకు.

రెండేళ్ళకి పైగా అబ్బులు సున్నాగా బతికాడు. సున్నాకి విలువ లేదని ఎవరన్నారో గానీ, ఆ ఇంట్లో మాత్రం సున్నా కోసం ఎన్నో అంకెలు పోయాయి. పండగలు పోయాయి, పేకాట పోయింది, వీధి అరుగు మీద వాదనలు పోయాయి. ఐసు ఫ్యాక్టరీ మేడ మీద వారం వారం గుండె చూసుకునేవారు. గీత నెమ్మదిగా చదునవుతూ వచ్చింది. ప్రయోగశాలలో హైమావతి ఆ గీతని చూసి సంతోషించేది. ఇంటికొచ్చి అదే గీతని మనిషి రూపంలో చూసి భయపడేది.

ఒకరోజు వంకాయ కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. అబ్బులు ఒక్క మాట అనకుండా పళ్ళెం ఖాళీ చేశాడు.

"ఉప్పు లేదని చెప్పొచ్చుగా?"

"చెప్తే చిరాకొస్తుంది. చిరాకొస్తే నీ గీత పాడవుతుంది కదా."

"ఒక్కసారి పాడైతే పాడవనివ్వండి. తిట్టండి నన్ను."

"సరే" అన్నాడు. తిట్టలేదు. దేనికైనా "సరే" అనేవాడు. వాన పడినా సరే, పడకపోయినా సరే.

ఆ సాయంత్రం ఆవిడ వంటింటి తలుపు వేసి, "ఎవరూ వినరు, ఒక్క ఈల వెయ్యండి" అని అడిగింది. వాడు వేళ్ళు నోట్లో పెట్టాడు. గాలి వచ్చింది. ఈల రాలేదు. "మర్చిపోయినట్టున్నాను" అన్నాడు, చెప్పులెక్కడ పెట్టానో మర్చిపోయాను అన్నంత మామూలుగా.

ఈ సంగతి హైమావతి నాకే చెప్పింది, ఐసు ఫ్యాక్టరీ మెట్ల మీద కూర్చుని. "మాస్టారూ, ఈ ఒక్క పరీక్ష అయిపోతే ఆయన్ని వదిలేస్తాను. ఊరికి జట్టు వచ్చినా రాకపోయినా. కానీ వదిలాక వెనక్కి రావడానికి ఆయన అసలు మిగిలున్నారో లేదో నాకు తెలీట్లేదు."

 

ఆదివారం వచ్చింది. ఊరంతా నిజంగానే కంకణం కట్టుకుంది. పట్టీ సీటుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆట అయ్యేదాకా ఎవరూ సీటు వదలకూడదని నేను మైకులో చెప్పాను. మావాళ్ళు సీటు పట్టుకోవడంలో ఎంత గట్టివాళ్ళో బస్టాండులో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

తూర్పు గ్యాలరీ చివర, మెట్ల కింద గదిలో మా సున్నా అబ్బులు కూర్చున్నాడు. చుట్టూ గోడలకి దూదిపరుపులు. చప్పుడు లోపలికి పోదు. ఊరికి ఫ్యాను లేదు కాబట్టి వాడికీ లేదు. ఊరు తిన్నదే వాడూ తినాలి కాబట్టి గోడకి రెండు తలుపుల చిన్న కిటికీ, ఫలహారం లోపలికి తోయడానికి. కిటికీ దగ్గర ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నది హైమావతి పెట్టిన నియమం. ఆటలో ఏం జరుగుతోందో వాడికి ఎవరూ చెప్పకూడదు.

పైన అద్దాల గదిలో నేను, హైమావతి, తబస్సుమ్ గారు. మధ్యలో తోడుమాపకం ముల్లు.

ఆట మొదలైంది. ఎదురుజట్టు లీగులో ఆరితేరినవాళ్ళు. మావాళ్ళు ఆరబెట్టినవాళ్ళలా కనబడ్డారు. మొదటి వంతులోనే వాళ్ళు నాలుగు పరుగులు తీశారు. గ్యాలరీ నీరుగారలేదు. "పర్లేదురా అబ్బాయిలూ! కుడిచెయ్యి ఇప్పుడే తెరుచుకుంటంది!" అని అరుస్తోంది. ముల్లు ఒక్కో గీతా ఎక్కుతోంది. ఎక్కి నిలబడుతోంది.

"ఓడుతున్నా దిగుతలేదు" అంది తబస్సుమ్ గారు, నమ్మనట్టు.

"దిగదు" అంది హైమావతి. ఆవిడ ముల్లుని చూడటం లేదు. పక్కనున్న చిన్న తెర మీద చదునుగా పోతున్న ఒక్క గీతని చూస్తోంది.

ఆ తర్వాత కాసేపటికి మావాడొకడు ఎలాగో మూడో మజిలీ దాటి ఇంటి మజిలీకి దొర్లుకుంటూ చేరాడు. కాకినాడకి మొదటి పరుగు! గ్యాలరీలు లేచిన చప్పుడుకి నా మైకు తనంతట తాను కీచుమంది. నేను ఏం అరిచానో నాకే తెలియదు. అరుపు దిగాక చూస్తే, జనం ఇంకా నిలబడే ఉన్నారు, ముల్లు మాత్రం కూలబడింది.

"ఇదేంది మేడమ్?" అంది తబస్సుమ్ గారు. "జనం లేస్తుంటే ముల్లు పడుతున్నది?"

హైమావతి వైర్లు చూసింది, బ్యాటరీ చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "ఎండ దెబ్బేమో" అంది మెల్లగా. చిన్న తెర మీద గీత అప్పుడు చదునుగా లేదు. ఆమె దాన్ని చూడటం నేను చూశాను. ఆమె ముఖంలో ఏముందో ఆ క్షణంలో నాకు అంతుపట్టలేదు.

రెండో పరుగు వాళ్ళ బంతి విసిరేవాడి పొరపాటు వల్ల వచ్చింది. ఉచితంగా వచ్చినా ఊరు గంతులేసింది. కొద్దిసేపటికి ముల్లు మళ్ళీ పడింది. ఆఖరి వంతులో పంతాడి దానయ్య కర్ర పట్టుకున్నాడు. ఇంటిపేరు పంతాడి, ఒంటినిండా పంతమే. కొట్టిన బంతి గ్యాలరీ దాటి, ప్రహరీ దాటి, అవతల చెరకురసం బండిలో పడిందని తర్వాత తెలిసింది. హోమ్ రన్! ఊరు ఊగిపోయింది. ముల్లు ఒక్క నిమిషం పైకి లేచి, తర్వాత సున్నా దాటి కిందికి పోయి, మైనస్‌లో చతికిలబడింది.

వాళ్ళవి పద్నాలుగు, మనవి మూడు. ఆట అయిపోయింది.

జనం వెళ్ళలేదు. నిలబడి చప్పట్లు కొడుతూ ఫలితం కోసం చూస్తున్నారు. తబస్సుమ్ గారు చాలాసేపు గ్యాలరీల వైపే చూసింది.

"నేను చెవులతోని విన్న మేడమ్. కండ్లతోని చూసిన. కానీ రూల్ నా చెవులది కాదు, మీ మిషన్‌ది. మీరు పెట్టుకున్న రూలే. మైనస్ వచ్చిన ఊరికి టీము ఇయ్యనీకి రాదు." మైకు తీసుకుని ఆ మాటే మర్యాదగా చెప్పేసింది.

 వేలమంది ఉన్నచోట ఎవరో దగ్గితే అందరికీ వినబడింది. కెరటాల కుర్రాళ్ళు మైదానం మధ్యలో టోపీలు తీసి నిలబడ్డారు.

కింద మెట్ల దగ్గర పట్టీలు విప్పి బుట్టల్లో వేస్తున్నారు. హైమావతి యంత్రం తప్పేమో చూసుకోవాలని కిందికి దిగింది, నేనూ వెనకాలే. తూర్పు గ్యాలరీ బుట్టలోంచి ఒక పట్టీ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకొకటి. ఇంకొకటి.

"మాస్టారూ, నెయ్యి వాసన."

తీసిన ప్రతి పట్టీకీ అదే. జిడ్డుజిడ్డుగా, కమ్మగా ఆవునెయ్యి. పట్టీ విప్పుకుంటున్నవాళ్ళ అరచేతులు చూశాం. తూర్పు గ్యాలరీ మొత్తం అరచేతులు మెరుస్తున్నాయి.

"నూకరత్నం!" అని పిలిచాను.

వచ్చింది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఏటండి, ఏవైందండి?"

"ఈ నెయ్యి ఏంటి?"

"సున్నుండలండి. బాబుగారి నెయ్యేనండి, అడిగే వాడాను. మినపసున్ని నా కాడ ఎప్పుడూ ఉంటదిగా." అని కాస్త తల దించుకుని, "అబ్బులుబాబుకి అంపేమండి" అంది.

"ఆయనకి ఎందుకు?" అంది హైమావతి. 

"ఎందుకేటమ్మా! ఊరంతా ఇక్కడ సంబరపడతంటే ఆయనొక్కడూ పరుపుల మజ్జిన కూకున్నాడు. మనూరి కోసవే కదా కూకున్నాడు? భోజనాల్లో బంతి లేవకముందే రానోళ్ళకి వాటా తీసి అంపుతాం కదా. మనకో పరుగొచ్చినప్పుడల్లా ఒక ఉండ సుట్టి, ఆకులో పెట్టి, ఇటు కొసనున్నోళ్ళ చేతికిచ్చాను. సీటొదలొద్దన్నారుగా! అందుకని సేతులు మార్చి అటు కొసకి అందించేరు."

"ఆయనకి ఏమీ చెప్పకూడదని నియమం పెట్టాం కదా నూకరత్నం!"

"ఒక్క మాట సెప్పలేదమ్మా, ఒట్టు! సెప్పొద్దన్నారు. పెట్టొద్దని ఎవరన్నారు?"

ఈ పొరపాటు మా ఊరు తప్ప ఇంకే ఊరూ చెయ్యదు. మైదానంలో ఒక బంతి ఓడిపోతుంటే, గ్యాలరీలో ఇంకో బంతి వడ్డన సాగించింది. మా దగ్గర వేళకాని వేళ చేతిలో తీపి పడిందంటే దానికి వేరే వార్త అక్కర్లేదు. పెళ్ళి కుదిరినా తీపే, పరీక్ష గట్టెక్కినా తీపే. పరుపుల గదిలో ఉన్నవాడు మా ఊళ్ళో పుట్టినవాడు. సున్నాకి సున్నుండ అందింది. గుండె ఎగిరింది. రెండేళ్ళుగా కట్టిపెట్టిన ఎగురంతా కలిపి ఒకేసారి ఎగిరింది. దాన్ని యంత్రం ఎండదీ బజ్జీదీ అనుకుని, ఊళ్ళో ప్రతి గుండెలోంచీ తీసేసింది. ఊరిని మైనస్ చేసింది ఆ ఒక్క గుండే.

హైమావతి మెట్ల కిందికి పరుగెత్తింది. తలుపు తీసింది.

అబ్బులు బల్ల మీద కూర్చున్నాడు. ముందు మూడు ఆకులు వరసగా పరిచి ఉన్నాయి, నాకేసినంత శుభ్రంగా. మీసానికి సున్నిపిండి. కళ్ళు చెమ్మగా ఉన్నాయి.

"హైమా! గెలిచామా?"

"లేదండీ. ఓడిపోయాం. పద్నాలుగు, మూడు."

"మూడు మనవా?"

"మూడు మనవి."

"మూడే!" అని బల్ల మీద నుంచి లేచి గంతు వేశాడు. "వాళ్ళ మీద మనవాళ్ళు మూడు కొట్టారా! ఎవడు కొట్టాడే ఆఖరిది? దానయ్యేనా? మూడో ఉండ చూడగానే అనుకున్నా. ఎవరో దాన్ని అదిరే చేతుల్తో అందించారు, పగిలిపోయి వచ్చింది!" తర్వాత భార్య ముఖం చూసి గబుక్కున కూర్చున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో. నీ గీత పాడుచేశాను కదా?"

"మొత్తం పాడుచేశారు" అంది హైమావతి. ఏడుస్తోందో నవ్వుతోందో విడదీసి చెప్పడం నావల్ల కాదు. "ఏమీ మిగల్చలేదు."

సున్నా పాడైతే ఈ ఒక్క సాయంత్రం కొలతే కాదు, యంత్రమే పోతుంది. ఇంత కడిగిన గుండే నిలవలేదంటే ఇంక ఏ గుండె నిలుస్తుంది? నోరు మూసుకుంటే యంత్రం నిలుస్తుంది, వేరే ఊళ్ళు కొంటాయి, కాకినాడకి మాత్రం మైనస్ మిగిలిపోతుంది. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించినట్టు నాకనిపించలేదు. నాతోపాటే మళ్ళీ మెట్లెక్కి అద్దాల గదికి వచ్చి, అప్పుడే నేను అందుకున్న మైకు లాక్కుంది. నా చేతిలోంచి మైకు లాక్కోగలిగిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

"తబస్సుమ్ గారూ, నా యంత్రం తప్పు చెప్పింది. సున్నాగా కూర్చున్నది నా భర్త. ఆయన గుండె ఎగిరింది. ఊరు ఆయనకి వాటా పంపింది. ఇంకొకర్ని కూర్చోబెట్టినా పంపుతుంది. ఈ ఊళ్ళో నాకు సున్నా దొరకదు. దొరక్కపోతే నా యంత్రం పనిచెయ్యదు. ఈ కొలత కొట్టెయ్యండి. యంత్రాన్నీ కొట్టెయ్యండి."

ఊరికి సగమే అర్థమైంది. 

తబస్సుమ్ గారు మైదానంలోకి దిగి తూర్పు గ్యాలరీ ముందు నిలబడింది. "ఎవరు పంపిన్రు?"

మొదట నూకరత్నం చెయ్యెత్తింది. పక్కనే ఇంకో చెయ్యి. తర్వాత ఈ కొస నుంచి ఆ కొస దాకా, నేతితో మెరుస్తూ చేతులు లేచాయి.

"ఈ కొసకెల్లి ఆ కొసదాంక పోయిందా? ఇంతమంది చేతులు మారి? నడుమల ఎవరూ తినలేదా?"

నిజంగా కోపం వచ్చింది సోమయాజులు గారికి. లేచి నిలబడ్డారు. "ఇంకొకరి వాటా ఎలా తింటామమ్మా?"

తబస్సుమ్ గారు ఆ చేతుల్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "పోయిన ఊళ్ళ," అంది, "ఫ్రీగా ఇచ్చిన టికెట్లు బయట అమ్ముకున్నరు." ముఖం తుడుచుకుంది. "మిషన్ లేదు కాబట్టి ఇగ నేనే రాయాలె. ఒక్క సంవత్సరం ఇస్తున్న. ఓడుతనే ఉండుండ్రి, నేను వచ్చి చూస్త. షరతు ఒకటి. ఆ సున్నా సారు ముందు వరసల కూసోవాలె."

ఆవిడ పేరుకి అర్థం అప్పుడు కనబడింది. చిన్నదే, ఎడమవైపు మాత్రమే, కానీ కనబడింది.

గ్యాలరీలు విరుచుకుపడ్డాయి. ఆ గోలలో హైమావతి అబ్బుల్ని చెయ్యి పట్టుకుని మైదానంలోకి తీసుకొచ్చింది. రెండేళ్ళ తర్వాత వెలుతురులో ఇంతమందిని ఒకేసారి చూసి వాడు కళ్ళు చిట్లించాడు.

అప్పుడే సోమయాజులు గారు తమ వీధి మొత్తంతో గ్యాలరీ దిగి వచ్చారు. "అంతా బాగానే ఉంది గానీ నాయనా, ఇంతకీ హోమం ఎప్పుడు? చీకటి పడుతోంది."

 ఇంక దాచడానికి లేదు. మైకు నా చేతికి తిరిగొచ్చింది కాబట్టి అందరికీ వినబడేలా విప్పి చెప్పాను.

"అయ్యా, మీరు విన్నది హోమం. ఆటోవాడు అన్నది హోమ్ రన్. మధ్యలో లారీ హారను కొట్టింది. హోమ్ రన్ అంటే, బంతిని ఎవరికీ అందనంత దూరం కొట్టి, ఇంటి మజిలీ దగ్గర బయల్దేరినవాడు మజిలీలన్నీ చుట్టి మళ్ళీ ఆ ఇంటి మజిలీకే రావడం. ఇవాళ దానయ్య కొట్టాడు. ఇందాక మీరు లేచి చప్పట్లు కొట్టింది దానికే."

"నేను పూర్ణాహుతి అనుకుని కొట్టానయ్యా!"

స్టేడియం నవ్వింది. అబ్బులు నవ్వాడు. హైమావతి వాడి వైపు చూసింది.

"మరి మా నెయ్యి?" అన్నారు సోమయాజులు గారు. "అగ్నిలో పడకుండానే పోయిందన్నమాట."

"పడిందండి. జఠరాగ్నిలో" అని అబ్బులు పొట్ట చూపించాను.

ఆయన అబ్బుల్ని ఎగాదిగా చూశారు. మీసం మీద సున్నిపిండి చూశారు. తృప్తిగా తలాడించారు.

అబ్బులు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. గాలి వచ్చింది. వేళ్ళు నేతితో జారాయి.  హైమావతి తన కొంగు అందించింది. వాడు ఒక్కో వేలూ తుడుచుకుని, మళ్ళీ పెట్టాడు.

ఈల వచ్చింది. మొదట తడబడి, తర్వాత నిటారుగా లేచి, గ్యాలరీలు దాటి, ఐసు ఫ్యాక్టరీ దాటి, హార్బరు వైపు పోయింది. ఓడలు తిరిగి చూశాయో లేదో నేను చూడలేదు. నేను హైమావతిని చూస్తున్నాను. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆ ఈలని వింటోంది.

ఈల ఆగగానే సోమయాజులు గారు నేతి చెయ్యి పైకెత్తారు.

"స్వాహా!"

ఊరంతా అంది. మా జట్టుకి పరుగొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అదే అంటున్నాం.